విప్పుకోవడానికి వీలుగా కట్టిన తోట స్తంభాలు: కళింగపట్నం దారిలో ఒక ఇంటి పెరడు

తీరప్రాంతంలో తోట స్తంభం కట్టాలనుకునే వాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఒకటే. దాన్ని ఎలా విప్పాలో తేల్చుకున్నాకే కట్టడం మొదలుపెట్టండి.

పాత కప్పులు, సాసర్లు, గాజు గిన్నెలు, పూలకూజాలు ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్యలో ఊచ ఆసరాగా తోటలో నిలబెట్టే ఈ అలంకారాన్ని పాశ్చాత్య దేశాల్లో గార్డెన్ టోటెం అంటారు. అక్కడ చాలామంది మొత్తం స్తంభాన్ని జిగురుతో ఒకే ముక్కగా అతికించేస్తారు. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వైపు చూస్తూ బతికే మనకు ఆ పద్ధతి నప్పదు. పైగా పేర్చిన పాత్రల అందం మనకు కొత్తదేమీ కాదు. పెళ్లిళ్లలో రంగులు వేసిన ఐరేని కుండలను దొంతరగా పేరుస్తాం. చేలో దిష్టి తగలకుండా సున్నపు చుక్కలు పెట్టిన కుండను కర్ర మీద బోర్లిస్తాం. వీటిలో ఏదీ అతికించినది కాదు. పని అయ్యాక దించేస్తాం. నా పని పద్ధతికి మూలం అదే.

ఇక్కడ వివరిస్తున్న పని శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని ఒక ఇంటిది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది. రాత్రిపూట సముద్రం హోరు వినిపిస్తుంది. ఇసుక నేల, ప్రహరీ వెంట కొబ్బరి చెట్లు, ముందు వైపు మందారం, నందివర్ధనం, ఒక మూల కనకాంబరాల మడి. పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్నారు. అటక మీది సామాను దించాక కొత్త ఇంట్లో దానికి చోటు లేదు. పాత సామాన్లవాడికి ఇనుము, ఇత్తడి పనికొస్తాయి కానీ పింగాణీ, గాజు అక్కరలేదు. పారేయడానికి మనసొప్పక ఆ ఇంటి కోడలు నన్ను పిలిచారు. మూడు స్తంభాలు అడిగారు: ఐదడుగులది ఒకటి, నాలుగడుగులది ఒకటి, మూడడుగులది ఒకటి.

అత్తగారికి మొదట ఇది నచ్చలేదు. "పగిలిన సామాను గుమ్మం ముందు నిలబెడతారా తల్లీ?" అని అడిగారు. పగిలినదీ, బీట వారినదీ ఒక్కటి కూడా వాడనని మాటిచ్చాను. అది ఆవిడ కోసం మాత్రమే ఇచ్చిన మాట కాదు. బీట ఉన్న పాత్రకు కన్నం పెడితే బీట కన్నం దాకా పాకుతుంది, ఎండ వేడికి, రాత్రి చల్లదనానికి ఇంకా సాగుతుంది. ఆవిడ పట్టింపూ నా పని నియమమూ ఒక్కటే కావడంతో సామాను ఏరే పని ఆవిడకే అప్పగించాను. అరుగు మీద కూర్చుని ఒక్కో కప్పునూ చేతిలోకి తీసుకుని, కుండలు కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఖంగుమన్నది కుడివైపుకు, బద్దగా మోగింది ఎడమవైపుకు. కంటికి ఏమీ కనబడని రెండు సాసర్లను ఆవిడ ఎడమవైపు పెట్టారు. భూతద్దంతో చూస్తే రెండింటికీ అడుగు అంచు దగ్గర వెంట్రుకంత గీత ఉంది.

వచ్చిన సామానులో నాలుగు రకాలున్నాయి. పూల డిజైన్ల పింగాణీ కప్పులు, సాసర్లు. రంగు గాజు గిన్నెలు, పూలకూజాలు. ఆవకాయ పెట్టుకునే జాడీలు, కొన్ని తెల్లవి, కొన్ని గోధుమ రంగు మూతితో. తెల్లగా పాలలా ఉండే ఓపల్ గాజు ప్లేట్లు. ఈ నాలుగూ కన్నం పెట్టేటప్పుడు నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి.

ఓపల్ ప్లేట్లను ముందే పక్కన పెట్టాను. వాటిలో చాలా రకాలను తయారీలోనే వేడి చేసి చల్లార్చి గట్టిపరుస్తారు. కింద పడ్డా తట్టుకునే ఆ బలం పైపొరలో బిగించి ఉన్న ఒత్తిడి నుంచి వస్తుంది. డ్రిల్లు ఆ పొరను దాటిన క్షణంలో ప్లేటు మొత్తం ముక్కలై ఎగిరిపోతుంది. అలాంటి వాటికి కన్నం పెట్టకూడదు. వాడాలనుకుంటే ఊచ దాకా రాకుండా, కన్నం ఉన్న మరో గిన్నె పక్కకు పువ్వు రేకులా అతికించాలి. ఈ ఇంట్లో కోడలు వాటిని మళ్లీ వంటింట్లోకే తీసుకెళ్లారు. నాకూ అదే మంచిదనిపించింది.

ఎక్కువ సమయం తిన్నవి జాడీలు. బయటికి నున్నగా మెరిసే జాడీ మెరుపుపూతలో కాలక్రమంలో సన్నని నెరియలు పడతాయి. ఏళ్ల తరబడి ఊరగాయ ఉప్పు, నూనె ఆ నెరియల గుండా మట్టిలోకి ఇంకుతాయి. కడిగి ఆరబెట్టిన జాడీ మీద రెండు రోజులకు తెల్లటి పొడి తేలితే అది ఇంకిన ఉప్పు బయటికి రావడమే. నూనె అయితే కనిపించదు, చేయి పెడితే జిడ్డు, ముక్కు పెడితే ఆవపిండి వాసన. ఆ జిడ్డు మీద ఏ జిగురూ నిలవదు. అందుకే జాడీలను మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి, ఎండలో పెట్టి, మళ్లీ నానబెట్టడం చేశాను. తెల్లటి పొడి రావడం ఆగేదాకా అదే పని. ఆ తర్వాత సోడా కలిపిన వేడినీళ్లు, చివర స్పిరిట్ తుడుపు. శుభ్రపడిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అతికించబోయే చోట ఒక నీటి చుక్క వేయండి. చుక్క పలచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. ముత్యంలా నిలబడితే ఇంకా ఉన్నట్టు. గాజు, పింగాణీలకూ ఇదే పరీక్ష.

ఇక కన్నాలు. స్తంభం మధ్యలో ఊచ బదులు నేను నిలిపేది అర అంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప గొట్టం. దాని బయటి వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు. దానికి 25 మిల్లీమీటర్ల డైమండ్ కోర్ బిట్ వాడతాను. ఇది ఉలిలా పొడిచేది కాదు, కొసన వజ్రపు రజను అంటించిన గుండ్రటి గొట్టం. గాజును కోయదు, అరగదీస్తుంది. అరగదీసేటప్పుడు వేడి పుడితే గాజు చిట్లుతుంది కాబట్టి నీళ్లు తప్పనిసరి. పాత్రను తడి ఇసుక నింపిన బేసిన్‌లో బోర్లిస్తాను. అడుగు మీద లప్పంతో గట్టు కట్టి అందులో నీళ్లు పోస్తాను. బిట్టును మొదట ఏటవాలుగా ఆనించి, నెలవంకలాంటి గాడి పడ్డాక మెల్లగా నిటారుగా తెస్తాను. నేరుగా ఆనిస్తే నున్నటి గాజు మీద జారి గీతలు పెడుతుంది. వేగం తక్కువ, చేతి బరువు ఇంకా తక్కువ. నీళ్లు పాలలా తెల్లబడుతుంటే పని సాగుతున్నట్టు. చివరి మిల్లీమీటరు దగ్గర చెయ్యి దాదాపు ఎత్తేయాలి. అక్కడ తొందరపడితే లోపలివైపు అంచు పెచ్చులుగా లేస్తుంది. కన్నం అంచుల్ని తడిపిన గరుకు కాగితంతో గుండ్రం చేస్తే బీట మొదలయ్యే చోటు మిగలదు.

ఆ తెల్లటి నీటిని మొక్కల్లో పోయవద్దు, ఆరనివ్వవద్దు. పింగాణీ రజనులో సిలికా ఉంటుంది, ఆరితే పొడై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిచి పారేయాలి. మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు లేకుండా నా దగ్గర ఎవరినీ డ్రిల్లు పట్టనివ్వను. నీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉండే పని కాబట్టి బ్యాటరీ డ్రిల్లే వాడతాను.

ఇప్పుడు అసలు సంగతి, గాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు ఏడున్నర కిలోల బరువుతో నెడుతుంది. 80 దాటితే అది 30 కిలోలు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానులో గాలి గంటకు 140 కిలోమీటర్లు దాటింది. ఆ వేగంలో చదరపు మీటరుకు 90 కిలోలు పైబడే తోపు ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో ఈ జిల్లాలో అందరూ చూశారు. ఐదడుగుల స్తంభం గాలికి ఎదురుగా చూపే వైశాల్యం పావు చదరపు మీటరు దాకా ఉంటుంది. అంటే తుపానులో 20 కిలోలకు పైగా బరువు దాన్ని పక్కకు నెడుతుంది. ఆ బరువుకు స్లాబులో వేసే 12 మిల్లీమీటర్ల ఊచ మొదట్లోనే వంగుతుంది. దాన్ని తట్టుకునేంత లావు పైపు పెడదామంటే కన్నం పెద్దదవుతుంది. టీ కప్పు అడుగున ఉండే వలయం లోపల మూడు నాలుగు సెంటీమీటర్ల చోటే ఉంటుంది, పెద్ద కన్నం పెడితే అంచు మిగలదు.

కాబట్టి తుపానుకు ఎదురు నిలిచే స్తంభం కట్టాలన్న ఆలోచనే నేను వదిలేస్తాను. మామూలు ఈదురుగాలికి సరిపోయే సన్నని పైపు పెట్టి, హెచ్చరిక వచ్చినప్పుడు సామాను దించుకునేలా కడతాను. సన్నని పైపు వల్ల చిన్న కప్పులు కూడా పనికొస్తాయి. తుపానులో ఎగిరే గాజు ముక్క పక్కింటి మనిషికి తగిలే ప్రమాదమూ ఉండదు. ఈ రెండో కారణం నాకు మొదటిదానికంటే ముఖ్యం.

దించుకోవడానికి వీలుగా స్తంభాన్ని జట్లుగా విడగొట్టాను. ఒక్కో జట్టులో రెండు మూడు పాత్రలు, బరువు రెండు కిలోలు దాటకుండా. జట్టు లోపల అతుకు ఉంటుంది, జట్టుకూ జట్టుకూ మధ్య ఉండదు. అక్కడ పాత హవాయి చెప్పుల అడుగు నుంచి కోసిన రబ్బరు బిళ్లలు వేశాను. పింగాణీ మీద పింగాణీ రాసుకోకుండా, గాలికి టకటకమనకుండా అవి కాపాడతాయి. పైపుకూ కన్నానికీ మధ్య మిగిలే సందులో పాత సైకిలు ట్యూబు ముక్క. అడుగున మాత్రం బరువైన జాడీలు విడివిడిగా. ప్రతి జట్టు లోపలివైపు రంగుతో చుక్కలు పెట్టాను. కింది నుంచి ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు. మళ్లీ పేర్చేటప్పుడు వరస వెతుక్కోనక్కరలేదు.

అతుకుకు ఎపాక్సీ వాడమని చాలామంది సలహా ఇస్తారు. గట్టిగా పట్టుకుంటుంది, నిజమే. కానీ ఆ గట్టిదనమే ఎండలో చిక్కు. వేడికి గాజు ఒక కొలతలో వ్యాకోచిస్తే ఎపాక్సీ దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. వేసవి మధ్యాహ్నం కాగిన గాజు మీద హఠాత్తుగా జల్లు పడితే అతుకు పొరలా ఊడి వస్తుంది. ఎండకు పసుపు కూడా తిరుగుతుంది. నా డాబా మీద రెండు రకాల అతుకులతో సాసర్ల జతలు పెట్టి ఒక వేసవి, ఒక వానాకాలం గమనించాను. సాగే గుణమున్న సిలికాన్ అతుకులు నిలిచాయి. అయితే సిలికాన్‌లోనూ రెండు రకాలున్నాయి. పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది ఎసిటిక్ రకం, అది ఇత్తడిని, రాగిని, గాల్వనైజ్డ్ పైపును తినేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే కొనండి.

సిలికాన్ పూసే తీరు గురించి ఒక మాట. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, అంచు నుంచి లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. రెండు గాజు పాత్రల మధ్య బిళ్లలా నిండా పూస్తే నడిమి భాగానికి తేమ అందదు, వారాల తరబడి పచ్చిగానే ఉంటుంది. అందుకే వలయంలా, అక్కడక్కడ వేలెడు సందు వదిలి పూయాలి. ఆ సందులే వాన నీరు జారిపోయే దారులు కూడా.

నీరు జారిపోవడం అందానికి సంబంధించిన విషయం కాదు. డెంగీ మోసే ఏడిస్ దోమకు కప్పులో నిలిచిన కాసిని మంచినీళ్లు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ దాకా పెరుగుతుంది. శుక్రవారం డ్రై డే అంటూ ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి పూలకుండీల కింద పళ్లేలు వంచమని చెప్పేది ఇందుకే. తోటలో పది కప్పులు నిలబెట్టే మనిషికి ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. మూడు స్తంభాల్లోనూ కప్పులన్నీ బోర్లించాను. వెల్లకిలా ఉంటేనే అందమొచ్చే రెండు గాజు గిన్నెలకు పక్కన మరో చిన్న కన్నం పెట్టాను. పారదర్శకమైన పూలకూజాలను కూడా బోర్లించే పెట్టాను. నీళ్లు నిండిన గుండ్రటి గాజు ఎండను ఒక్కచోటికి చేర్చి ఎండుటాకులను అంటించగలదు.

శిఖరం దగ్గర కాస్త చర్చ జరిగింది. పైపు మూతిలోకి వాన పోకుండా పైన ఒక మూత కావాలి. కోడలు బయటికి తెచ్చింది ఒక కంచు చెంబు, అత్తగారి పుట్టింటివాళ్లు పెట్టినది, బూడితిలో చేసినది. సారవకోట మండలంలోని ఈ ఊరి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సుత్తి దెబ్బల గుంటలు మెడ చుట్టూ వరసగా కనిపిస్తున్నాయి. "దానికి చిల్లు పెట్టనివ్వనమ్మా" అన్నారు పెద్దావిడ. పెట్టక్కరలేదు. చెంబును అలాగే బోర్లించి, మెడ లోపల పట్టేలా ఒక చెక్క బిరడా తయారుచేసి దాన్ని పైపుకు బిగించాను. చెంబు బిరడా మీద బిగుతుగా కూర్చుంటుంది, తిప్పి లాగితే వచ్చేస్తుంది. పండగ రోజు పూజ గదిలోకి, మర్నాడు మళ్లీ తోటలోకి. "అయితే పెట్టు తల్లీ" అన్నారు ఆవిడ. ఈ చెంబు కింద నేరుగా అల్యూమినియం పాత్ర రాకుండా చూశాను. ఉప్పుగాలిలో ఆ రెండు లోహాలూ తాకితే అల్యూమినియం గుల్లబారుతుంది.

నిలబెట్టే చోటును కొబ్బరి చెట్లు నిర్ణయించాయి. ఎండిన మట్ట పడితే ఏ స్తంభమూ మిగలదు. చెట్టు మొదలు నుంచి మట్టలు పడే మేర కొలిచి, దానికి బయట, కనకాంబరాల మడి పక్కన మూడు గుంతలు తీయించాను. ఒక్కోటి అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. అడుగున గుప్పెడు కంకర, దాని మీద నిలువుగా అంగుళంపావు పైపు ముక్క, చుట్టూ కాంక్రీటు. స్తంభపు పైపు ఈ ఒరలో దిగుతుంది. అవసరమైతే పైపు కూడా ఊడదీసుకోవచ్చు. నీరు నిలవకుండా కంకరలోకి ఇంకిపోతుంది. పైపు మర కోసిన చోట జింకు పూత పోతుంది కాబట్టి అక్కడ జింకు ప్రైమరు రెండు చేతులు వేశాను.

వానాకాలం పూర్తయ్యే లోపు ఒకసారి వెళ్లి చూశాను. జట్ల అతుకులు గట్టిగా ఉన్నాయి. కప్పుల్లో నీరు లేదు. రెండు మార్పులు చేయవలసి వచ్చింది. పెద్ద స్తంభంలో రబ్బరు బిళ్ల ఒకటి నలిగి పైజట్టు కాస్త ఒరిగింది, దాని స్థానంలో రెండు బిళ్లలు వేశాను. జట్లను బిగించే నట్టు తుప్పు పట్టి కింది తెల్ల జాడీ మీద ఎర్రటి చార దిగింది. స్టెయిన్‌లెస్ నట్టు మార్చాను, చార నిమ్మ ఉప్పుతో పోయింది.

అక్టోబరులో వాయుగుండం ఏర్పడి, కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్త రాగానే కోడలు నాకు ఫోను చేశారు. "అక్కా, ఇప్పుడే దించెయ్యాలా, రేపటిదాకా ఆగనా?" గాలి లేచాక గాజు పట్టుకోవడం ప్రమాదం, వెంటనే దించమన్నాను. ముందు చెంబు, తర్వాత నట్టు విప్పి పైనుంచి జట్లు ఒక్కొక్కటిగా తీసి పాత చీరల్లో చుట్టి మంచం కింద పెట్టారు. జాడీలు వరండాలో గోడ వారగా. అన్నం ఉడికేలోపు అయిపోయిందని చెప్పారు. ఒంటి పైపులు మాత్రం పెరట్లో నిలిచి ఉన్నాయి. ఆ వాయుగుండం చివరికి ఒడిశా వైపు మళ్లింది, ఇక్కడ ఒక రాత్రి గాలివానతో సరిపోయింది. తెల్లారేసరికి ప్రహరీ వెంట మట్టలు, పిందెలు రాలి ఉన్నాయట. చుక్కల వరస చూసుకుని మళ్లీ పేర్చుకున్నారు, ఈసారి పెద్దావిడ సలహాతో నీలి గాజు గిన్నె జట్టును పొద్దుటెండ తగిలేలా మూడడుగుల స్తంభం పైకి మార్చి. జట్ల కన్నాలన్నీ ఒకే కొలత కావడంతో ఆ మార్పుకు నా అవసరం రాలేదు.

ఇప్పుడు అదే వీధిలో మరో ఇంటివాళ్లు స్టీలు గిన్నెలతో కట్టమంటున్నారు. సముద్రానికి అంత దగ్గరలో మామూలు రకం స్టీలు మీద గోధుమ రంగు మచ్చలు తేలతాయి, నెలకోసారైనా మంచినీళ్లతో కడగాలి. కడుగుతామన్నారు. జట్టు బరువు రెండు కిలోలు దాటకూడదన్న షరతుకు కూడా ఒప్పుకున్నారు, వచ్చే నెలలో గుంతలు తీస్తున్నాం.